తూకంలో తరుగు: పాత మారుతికి బలం ఎందుకు తగ్గుతుంది? ఎలా తిరిగొస్తుంది?

బేగంబజార్‌లో మా చిన్నాయనది ఇత్తడి సామాన్ల దుకాణం. దుకాణం ఎంత పాతదో చెప్పలేను గానీ బండి వయసు మాత్రం చెప్పగలను. 1997 మోడల్ మారుతి 800, కార్బురేటర్ ఇంజన్, తెల్ల రంగు. కొన్నాళ్లుగా ఆయన నోట ఒకటే మాట: "బండి గుంజుతలేదు." ఫ్లైఓవర్ ఎక్కాలంటే రెండో గేరుకు దిగాలి. పిల్లలు వెనక కూర్చుంటే ఇంకా కష్టం. ఒక గ్యారేజీలో చూపిస్తే బానెట్ ఎత్తకుండానే తేల్చేశారు: "ఇంజన్ బోరుకొచ్చింది, విప్పాల్సిందే." ఖర్చు వినగానే చిన్నాయన బండి వెనక్కి తిప్పుకొని, తనకు ఏళ్లుగా తెలిసిన ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను.

ఉస్తాద్ కూడా బానెట్ ఎత్తలేదు. "సేట్, న్యూట్రల్‌ల పెట్టి దిగు. హ్యాండ్‌బ్రేక్ తియ్యి" అన్నాడు. చదునైన చోట ఇద్దరం కలిసి వెనక నుంచి నూకాం. ఉత్త బండి 650 కిలోల చిల్లర. కదిలితే దానంతటది నాలుగడుగులు దొర్లాలి. మేం చేతులు తీయగానే ఆగిపోయింది. ఉస్తాద్ ముందు చక్రం రేకు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. "కాలుతుంది చూడు. బ్రేక్ పట్టుకొనే ఉంది. నువ్వు ఇంజన్‌ను తిడుతున్నవు!"

ఈ వ్యాసంలో ఉన్న ప్రశ్నలన్నీ ఆ రోజు పుట్టినవే.

ఇంజన్ తప్పు కాకపోయినా బండి ఎందుకు లాగదు?

ఇంజన్‌లో పుట్టిన బలం చక్రం దాకా చేరేలోపు దారిలో చాలా చేతులు మారుతుంది. క్లచ్, గేర్‌బాక్స్, యాక్సిల్, బేరింగులు, బ్రేకులు, టైర్లు. ఎక్కడ పట్టేసినా, ఎక్కడ జారినా మనకు తెలిసేది ఒక్కటే: బండికి పికప్ లేదు.

అందుకే రూపాయి ఖర్చు లేని పరీక్షలు ముందు చేయాలి. మొదటిది, పైన చెప్పినట్టు చేత్తో నూకి చూడటం. రెండోది, 10 కిలోమీటర్లు నడిపాక నాలుగు చక్రాల మధ్యభాగాన్నీ జాగ్రత్తగా తాకి చూడటం. ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేక్ వదలడం లేదు. ఎక్కువగా కాలిపర్ పిస్టన్ తుప్పుతో బిగుసుకోవడమో, వెనక డ్రమ్ములో స్ప్రింగు నీరసించడమో, హ్యాండ్‌బ్రేక్ తీగ పట్టేయడమో కారణం. మూడోది టైర్లలో గాలి. డ్రైవర్ వైపు తలుపు దగ్గరో, బండి పుస్తకంలోనో రాసి ఉన్నంత ఉండాలి. మెత్తటి టైరు మీద చిన్న ఇంజన్ బురదలో నడిచినట్టు నడుస్తుంది.

నాలుగోది క్లచ్. టాప్ గేరులో 50 దగ్గర వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కండి. చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. ఇంజన్ కష్టపడుతూనే ఉంది, ఆ కష్టం చక్రానికి చేరడం లేదంతే.

మరి ఇంజన్‌కు బలం ఎక్కడి నుంచి వస్తుంది?

1983 డిసెంబర్ 14న ఇందిరా గాంధీ మొదటి మారుతి 800 తాళంచెవి అందించారు. 2014 జనవరిలో చివరి బండి ఫ్యాక్టరీ దాటింది. ఈ 30 ఏళ్లలో ఒంటిమీది రేకు మారింది, కార్బురేటర్ పోయి ఇంజక్షన్ వచ్చింది. ఇంజన్ లోపలి కొలత మాత్రం అదే: మూడు సిలిండర్లు, ఒక్కొక్కటి 68.5 మిల్లీమీటర్ల వెడల్పు, పిస్టన్ ప్రయాణం 72 మిల్లీమీటర్లు, మొత్తం 796 సీసీ. ఎక్కువ మోడళ్లలో బలం 37 హార్స్‌పవర్. మా బజారులో ఫీల్‌ఖానా అనే గల్లీ ఉంది, ఆ మాటకు అర్థం ఏనుగులశాల. ఒకప్పుడు ఏనుగులను కట్టేసేవారని పేరున్న ఆ గల్లీలో 37 గుర్రాల బండి తిప్పుతున్నామని చిన్నాయన హాస్యం.

ఆ 37 పుట్టేది పెట్రోలు ఒక్కదాని వల్ల కాదు. గాలి వల్ల కూడా. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. మనకు అలవాటైన కొలతలో చెప్పాలంటే లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి. కాబట్టి ఇంజన్ అన్నది ముందు గాలిని లాగే పంపు, ఆ తర్వాతే పొయ్యి. ఆ పంపు నాలుగు పనులు సరిగ్గా చేయాలి: గాలిని నిండుగా లాగాలి, గట్టిగా అదమాలి, సరైన క్షణంలో నిప్పు పెట్టాలి, కాలిన పొగను బయటికి తోసేయాలి. బలం తగ్గిందంటే ఈ నాలుగింటిలో ఎక్కడో కారుతోందని అర్థం.

ఇక్కడే చిన్నాయన వ్యాపారం మాట నాకు పనికొచ్చింది. పాత ఇత్తడి బిందె మార్పిడికి తెస్తే తూకం వేసి తరుగు తీస్తారు. మట్టికి కొంత, అతుకుకు కొంత, అరుగుదలకు కొంత. ఏ ఒక్కటీ పెద్దది కాదు, అన్నీ కలిస్తే కస్టమర్ మొహం మాడుతుంది. పాత ఇంజన్ లెక్కా అంతే. గాలి దగ్గర వందకు ఐదు, నిప్పు దగ్గర ఐదు, పెట్రోలు దగ్గర ఐదు, వాల్వుల దగ్గర ఐదు, బ్రేకుల దగ్గర ఐదు తరుగు పోయిందనుకోండి. 37లో చక్రానికి అందేది 28, 29 గుర్రాల పనే. అందుకే పాత చిన్న కారు పనితీరు మెరుగుపరచడమంటే కొత్త బలం కొని తగిలించడం కాదు. తరుగు ఏ మూల పోతోందో వెతికి ఆపడం.

కొత్త బండయినా హైదరాబాద్‌లో 37 ఎందుకు రాదు?

కొంత తరుగు ఊరిది. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న మన నగరంలో గాలి సుమారు వందకు ఐదు పాళ్లు పలచన. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో, 15 డిగ్రీల చల్లగాలితో పోలిస్తే మరో ఎనిమిది, తొమ్మిది పాళ్లు పలచబడుతుంది. లాగే పరిమాణం అంతే, అందులో ఉండే ప్రాణవాయువు తక్కువ. పైగా ఏసీ ఆన్ చేస్తే కంప్రెసర్ తిప్పడానికే మూడు, నాలుగు గుర్రాలు అటు పోతాయి. పెద్ద కారుకు అది లెక్కలోకి రాదు. 37లో అది పదో వంతు. కాబట్టి ఎండాకాలంలో ఏసీ వేసుకొని నలుగురితో ఫ్లైఓవర్ ఎక్కుతూ "బండి చచ్చింది" అనకండి. జనవరి ఉదయం ఒక్కరే వెళ్లి చూసి మాట్లాడండి.

బేగంబజార్ బండి తొందరగా ఎందుకు నీరసిస్తుంది?

రెండో నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకిచ్చిన స్థలమని ఈ బజారుకు ఆ పేరు వచ్చిందంటారు. అప్పుడు నడిచింది ఎడ్లబండ్లు, పల్లకీలు. గల్లీల వెడల్పు ఇప్పటికీ వాటి కొలతే. ముందు తోపుడుబండి, పక్కన ఎండుమిర్చి బస్తాల ట్రాలీ, వెనక హారన్. చిన్నాయన ఇంటి నుంచి దుకాణానికి మూడు కిలోమీటర్లు. అందులో సగం మొదటి గేరు.

మూడు కిలోమీటర్లు నడిచిన ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. చల్లటి ఇంజన్‌కు చోక్‌తో పెట్రోలు ఎక్కువ పోయాలి. అందులో కొంత కాలకుండా సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కింద సంపులోకి జారుతుంది, ఆయిల్ పలచబడుతుంది. కాలినప్పుడు పుట్టిన నీటి ఆవిరి బయటికి పోయే వేడి లేక లోపలే నీరవుతుంది. ఆయిల్ మూత తీస్తే లోపలివైపు పెరుగుమీగడలాంటి తెల్లటి పూత కనిపిస్తే అది ఈ నీటి పనే. ప్లగ్గు మీద మసి కాలిపోయేంత వేడి రాదు. మీటరు తక్కువ తిరిగిందని ఆయిల్ మార్చడం వాయిదా వేస్తాం. నిజానికి ఇలాంటి బండికే తొందరగా మార్చాలి. కిలోమీటర్లు చూడకుండా ఆరు నెలలకోసారి మార్చడం మంచి అలవాటు.

దీనికి ఇంకో మందు పైసా ఖర్చు లేనిది. వారానికో, పది రోజులకో ఒకసారి ఊరి బయటికి తిప్పి తీసుకురండి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. ఇంజన్ వేడెక్కాక వేగ పరిమితి లోపలే, మూడో గేరులో కాసేపు నిలకడగా నడిపితే ప్లగ్గుల మీది మసి చాలావరకు కాలిపోతుంది, ఆయిల్‌లోని తేమ ఆవిరవుతుంది. ముందుగా బ్రేకులు, టైర్లు, నీళ్లు చూసుకోండి.

ఇంజన్ విప్పకుండానే లోపలి సంగతి ఎలా తెలుస్తుంది?

కంప్రెషన్ గేజ్‌తో. ఉస్తాద్ చేసింది ఇదీ. ఇంజన్‌ను వేడెక్కించి ఆపాడు. కాయిల్ నుంచి డెల్కోకు (డిస్ట్రిబ్యూటర్‌కు) వచ్చే తీగ ఊడదీసి నిప్పు రాకుండా చేశాడు. మూడు ప్లగ్గులూ విప్పాడు. ఒక రంధ్రంలో గేజ్ బిగించి, "రేస్ మొత్తం తొక్కి సెల్ఫ్ కొట్టు" అన్నాడు. నాలుగైదు చుట్లకు ముల్లు 160 పీఎస్ఐ దగ్గర ఆగింది. రెండో సిలిండర్ 155. మూడోది 130.

ఈ పరీక్షలో అంకె ఎంతన్నది ఒక ఎత్తు, సిలిండర్లకు మధ్య తేడా ఎంతన్నది రెండెత్తులు. తేడా వందకు పది దాటితే తక్కువ ఉన్న దాంట్లో గాలి కారుతోంది. కారే దారులు మూడు: పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి, వాల్వుల సందులోంచి పైకి, హెడ్ గాస్కెట్ చీలికలోంచి పక్కకు. పక్కపక్క సిలిండర్లు రెండూ బాగా తగ్గితే గాస్కెట్ మీద అనుమానం.

రింగులా, వాల్వులా? దానికో చిట్కా ఉంది. మూడో సిలిండర్‌లో టీస్పూనుడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచారు. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందులు మూసేసి అంకె గబుక్కున పెరగాలి. మాకు 130 కాస్తా 133 అయిందంతే. "రింగులు కాదు సేట్, వాల్వు" అన్నాడు ఉస్తాద్. బోరుకొచ్చిందన్న మొదటి తీర్పు అక్కడే కొట్టుకుపోయింది.

చప్పుడు చేయని టాపెట్ మంచిదేనా?

కాదు. ఈ సంగతి నాకూ ఆ రోజే తెలిసింది. వాల్వుకు, దాన్ని నొక్కే రాకర్‌కు మధ్య, అంటే మెకానిక్కుల మాటలో టాపెట్ దగ్గర, కాగితం మందం సందు ఉండాలి. మిల్లీమీటరులో చిన్న వంతే. సందు పెరిగితే టిక్ టిక్‌మంటుంది, అందరం పరిగెత్తుతాం. కానీ ఏళ్లు గడిచేకొద్దీ వాల్వు తన పీటలోకి అరిగి దిగుతుంది, సందు తగ్గిపోతుంది. అప్పుడు చప్పుడూ తగ్గుతుంది. "ఇంజన్ మెత్తగా ఉంది" అని సంతోషిస్తాం. సందు పూర్తిగా పోయాక వాల్వు మూసుకోవాల్సిన సమయంలో కూడా వెంట్రుకవాసి తెరిచే ఉంటుంది. అదిమిన గాలి అక్కడ కారిపోతుంది. ఇంకా ఆలస్యమైతే ఎగ్జాస్ట్ వాల్వు అంచు మాడిపోతుంది.

ఉస్తాద్ పైమూత తీసి ఫీలర్ గేజ్ రేకును మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ రాకర్ కింద దూర్చబోయాడు. సన్నటి రేకు కూడా పోలేదు. లాక్ నట్ వదులు చేసి, స్క్రూ పావుచుట్టు లోపే తిప్పి, రేకు గట్టిగా రాసుకుంటూ పోయేలా చేసి మళ్లీ బిగించాడు. మిగిలిన ఐదు వాల్వులూ చూశాడు. రెండు బిగువుగా, ఒకటి వదులుగా దొరికాయి. తిరిగి కొలిస్తే మూడోది 150. ఇంజన్ పని అంటే వేలల్లో ఊహించుకున్న చిన్నాయన ఆ రేకును చేతిలోకి తీసుకొని వెలుతురుకు పట్టి చూశాడు. ఇత్తడి రేకు మందం వేళ్లతో చెప్పగల మనిషి ఆయన. "ఇంతేనా?" అన్నాడు.

ఈ సందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఎంత, వేడిగా ఉన్నప్పుడు ఎంత అన్నది బండి పుస్తకంలో వేర్వేరుగా ఉంటుంది. అదే పాటించాలి. పుస్తకంలోనే టైమింగ్ బెల్ట్ గడువు కూడా చూడండి. బెల్ట్ ఒక పన్ను జారినా వాల్వుల లెక్క తప్పి బండి మొద్దుబారుతుంది. ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తు లేకపోతే మార్చేయడమే తెలివి.

నిప్పు సరిగ్గా పడుతోందని ఎలా తెలుసుకోవాలి?

ప్లగ్గు మూతి చూడండి. ఇంజన్ రాసి ఇచ్చే ఉత్తరం అది. ఉస్మానియా బిస్కెట్ అంచు రంగులో, పొడిగా ఉంటే అంతా బాగుంది. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది లేదా ఇంజన్ వేడెక్కడం లేదు. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా సున్నం పూసినట్టుంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదు, లేదా నిప్పు పడే సమయం తప్పింది. మా మూడింటిలో రెండు మసి, ఒకటి కొంచెం జిడ్డు. మూడూ మార్చేశాం. సందు కార్బురేటర్ మోడళ్లలో 0.7 - 0.8 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. మీ పుస్తకంలో ఎంతుంటే అంతే పెట్టాలి.

ప్లగ్గు తీగలకు చీకటి పరీక్ష. రాత్రి లైట్లార్పి, ఇంజన్ ఆన్ చేసి బానెట్ ఎత్తితే పగిలిన తీగ చుట్టూ నీలి మెరుపులు కనిపిస్తాయి. ప్లగ్గుకు చేరాల్సిన నిప్పు రేకు మీదికి దూకుతోందన్నమాట. తాకకండి, చూడండి చాలు. వానాకాలంలో మిస్సింగ్ కొట్టే బండ్లలో చాలావాటి రోగం ఇదే.

తర్వాత టైమింగ్. పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందే నిప్పు పడాలి, ఎందుకంటే మంట వ్యాపించడానికి సమయం పడుతుంది. వేగం, లోడు మారేకొద్దీ ఆ "కాస్త ముందు" కూడా మారాలి. డెల్కో పక్కన చిన్న డబ్బా, దానిలోకి సన్నటి గొట్టం ఉంటాయి. ఆ డబ్బాలోని పొర చిరిగితే మామూలు వేగంలో టైమింగ్ వెనకబడి బండి బద్ధకిస్తుంది, పెట్రోలు తాగుతుంది. ఉస్తాద్ ఆ గొట్టాన్ని కార్బురేటర్ వైపు ఊడదీసి నోటితో లాగి నాలుకతో మూశాడు. నాలుక అతుక్కొని నిలిచింది. "పొర మంచిగనే ఉంది" అన్నాడు. వదిలేసి ఉంటే చిరిగినట్టు. మరీ పాత బండ్లలో పాయింట్లుంటాయి. వాటి మొహాలు గుంతలు పడితే మార్చి, సందు సరిచేసి, టైమింగ్ లైట్‌తో చూడాలి. చెవితో విని డెల్కో తిప్పడం అలవాటైన చేతులకూ ఒక్కోసారి మోసమే.

గాలి దారిలో ఏం చూడాలి?

ఎయిర్ ఫిల్టర్ సంగతి అందరికీ తెలుసు, కానీ ఎందుకో చాలామందికి తెలియదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో చేసిన పరీక్షల్లో, ఇంజక్షన్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ దాదాపు మారలేదు, పికప్ మాత్రం తగ్గింది. కారణం, వాటిలోని కంప్యూటర్ గాలి తగ్గితే పెట్రోలునూ తగ్గిస్తుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. ఫిల్టర్ మూసుకుంటే పెట్రోలు పాలు పెరిగి మసి పడుతుంది. మిర్చి పొడి, పసుపు, సిమెంటు దుమ్ము కలిసిన గల్లీలో తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువులో సగానికే ఫిల్టర్ చూడాలి. కొన్ని కార్బురేటర్ బండ్లలో గాలి డబ్బాకు వేసవి, చలికాలం అని రెండు స్థానాలుంటాయి. చలికాలం వైపు పెడితే సైలెన్సర్ మొదట్లోని వేడిగాలి లాగుతుంది. అటు తిప్పి మరిచిపోతే మే నెలలో ఇంజన్‌కు వేడిగాలి తాగిస్తున్నట్టే.

రెండోది దొంగగాలి. కార్బురేటర్ కింద గాస్కెట్, బ్రేక్ బూస్టర్ ఉంటే దాని గొట్టం, ఇతర సన్న గొట్టాలు ఎండి పగులుతాయి. అక్కడ్నుంచి లెక్కలో లేని గాలి దూరితే స్లో స్పీడ్ నిలవదు, వదిలి తొక్కితే తడబడుతుంది. జానెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవికి, ఇంకో కొస అనుమానమున్న చోట పెడితే 'స్స్' అని వినిపిస్తుంది. తిరిగే బెల్టులకు, ఫ్యానుకు దూరంగా చూసుకోండి. వ్యాక్యూమ్ గేజ్ ఉంటే ఇంకా మేలు. సముద్ర మట్టంలో ఆరోగ్యమైన ఇంజన్ స్లో స్పీడ్‌లో 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. హైదరాబాద్ ఎత్తుకు రెండంగుళాల దాకా తగ్గించుకొని చదవాలి. ముల్లు ఊగకుండా నిలవడం ముఖ్యం.

మూడోది బయటికి పోయే దారి. సైలెన్సర్ లోపల తుప్పు రాలి అడ్డం పడినా, కన్వర్టర్ ఉన్న బండ్లలో అది కరిగి మూసుకున్నా పొగ బయటికి పోలేదు, కొత్త గాలి లోపలికి రాలేదు. స్లోలో బాగుండి, ఎంత తొక్కినా వేగం పెరగని బండిలో ఇది తప్పక చూడాలి.

పెట్రోలు మారింది కదా, పాత బండికి ఏం చేయాలి?

ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో తన వంతు ప్రాణవాయువు ఉంటుంది, లీటరుకు శక్తి మాత్రం పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఇంజక్షన్ బండి కొంతవరకు సర్దుకుంటుంది. కార్బురేటర్ జెట్టు రంధ్రం మారదు కాబట్టి మిశ్రమం కాస్త పలచనవుతుంది. ఉదయం స్టార్ట్ కావడానికి మొరాయించడం, తొక్కగానే ఒక క్షణం తటపటాయించడం దాని గుర్తులు. మిక్స్చర్ స్క్రూ సర్దడంతో స్లో స్పీడ్ కుదుటపడుతుంది. జెట్టును సూదితో పెద్దది చేయించకండి, అది మళ్లీ వెనక్కి రాని పని.

అసలు దెబ్బ రబ్బరుకు. 1990ల నాటి పెట్రోలు గొట్టాలు, పంపులోని పొర ఈ ఇంధనం కోసం చేసినవి కావు. పగుళ్లు, ఉబ్బులు, పెట్రోలు వాసన ఉంటే ఇథనాల్‌ను తట్టుకునే రకం గొట్టాలు వేయించండి. ఇది పికప్ కోసమే కాదు, మంటలు అంటుకోకుండా కూడా. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి బండి కదలకుండా ఉంచి అదే పెట్రోలుతో నడపకండి. కార్బురేటర్ కడిగించేటప్పుడు ఫ్లోట్ గిన్నె అడుగున చూడండి. మా దాంట్లో తుప్పు రజను, నీటిబొట్టు దొరికాయి. "కచరా" అని ఉస్తాద్ దాన్ని గుడ్డ మీద తుడిచి చూపించాడు. గిన్నె కడిగి ఫిల్టర్ మార్చాక తొక్కినప్పుడు తడబాటు పోయింది.

ఖరీదైన ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే? ఆక్టేన్ అంటే బలం కాదు, ఒత్తిడికి ముందే పేలిపోకుండా ఓర్చుకునే గుణం. తొమ్మిది లోపు కంప్రెషన్ నిష్పత్తి ఉన్న ఈ ఇంజన్‌కు అంత ఓర్పు అవసరం లేదు. ఆ డబ్బుతో ప్లగ్గులు మార్చండి.

థర్మోస్టాట్ తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందా?

ఉంటుంది. అదే సమస్య. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేయడం మన ఊళ్లలో పాత వాడుక. అది ఉన్నది ఇంజన్ 80 డిగ్రీలు దాటేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనీయకుండా ఆపడానికి. అది లేకపోతే, మూడు కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజన్ అసలు వేడెక్కదు. పెట్రోలు పూర్తిగా కాలదు, ఆయిల్ పలచబడుతుంది, గోడలు అరుగుతాయి. పైన చెప్పిన బేగంబజార్ రోగాలన్నీ రెట్టింపు. మా బండిలోనూ ఎప్పుడో ఎవరో పీకేశారు. కొత్తది వేయించాం. నిజంగా వేడెక్కే బండికి మందు వేరు: రేడియేటర్ శుభ్రం, మూత స్ప్రింగు, ఫ్యాన్ స్విచ్, కూలెంట్.

కాలుష్య పరీక్ష కాగితంలో పనికొచ్చేది ఏమైనా ఉందా?

ఉంది. ఆ కాగితాన్ని అద్దానికి అంటించి మరిచిపోతాం గానీ అది బండికి రక్తపరీక్ష. అందులో కార్బన్ మోనాక్సైడ్ శాతం, హైడ్రోకార్బన్లు పీపీఎంలో ఉంటాయి. భారత్ స్టేజ్-2 కంటే ముందటి పెట్రోలు కార్లకు 3 శాతం, 1500 పీపీఎం గరిష్ఠ పరిమితులు. పాసయ్యామా లేదా అన్నది ఒక్కటే చూడకండి. మొదటి అంకె ఎక్కువైతే పెట్రోలు పాలు ఎక్కువ. రెండోది ఎక్కువైతే పెట్రోలు కాలకుండానే బయటికి పోతోంది, అంటే నిప్పో, వాల్వో తప్పింది. ట్యూనింగ్‌కు ముందొకసారి, తర్వాత ఒకసారి చేయించి రెండు కాగితాలూ దాచుకోండి.

ఏవి కొనకూడదు?

పెట్రోలు గొట్టానికి కట్టే అయస్కాంతాలు. ట్యాంకులో పోస్తే బలం పుట్టే సీసాలు. దుమ్ము గల్లీలో ఓపెన్ ఎయిర్ ఫిల్టర్: ఇంజన్ గదిలోని వేడిగాలిని, మిర్చి పొడిని కలిపి తాగుతుంది. గోలచేసే సైలెన్సర్: చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు మనసుకు అనిపిస్తుంది, గడియారానికి అనిపించదు. వెడల్పు టైర్లు: చూపుకు బాగుంటాయి, 37 గుర్రాలకు భారం. ఇక పెద్ద ఇంజన్ ఎక్కించడమంటే, మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా కుదరదు. రిజిస్ట్రేషన్, బీమా రెండూ చిక్కుల్లో పడతాయి.

బరువు దింపడం మాత్రం ఉచితం. 50 కిలోల బస్తాలు నాలుగు వేస్తే బండి తన బరువులో దాదాపు మూడో వంతు అదనంగా మోస్తుంది. మా చిన్నాయన డిక్కీలో ఎప్పటివో తూకం రాళ్లు, రెండు ఇత్తడి గంగాళాలు బయటపడ్డాయి.

మరి ఇంజన్ విప్పాల్సింది ఎప్పుడు?

సైలెన్సర్‌లోంచి నీలిపొగ ఆగకుండా వస్తున్నప్పుడు, ఆయిల్ వారంవారం తగ్గుతున్నప్పుడు, ఆయిల్ పోసి కొలిస్తే కంప్రెషన్ గబుక్కున పెరిగినప్పుడు. ఆయిల్ మూత తీస్తే లోపల్నుంచి గాలి బుసకొడుతున్నప్పుడు. ఈ గుర్తులు కలిసి కనిపిస్తే రింగులో, బోరో తప్పదు. ఉదయం స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలిపొగ వచ్చి ఆగిపోతే అది వాల్వు సీళ్ల పనే కావచ్చు, బోరు కాదు. విప్పించే ముందు రిజిస్ట్రేషన్ చూసుకోండి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్‌తో పొడిగింపు కావాలి. 1997 బండికి మళ్లీ 2027లో. అప్పటిదాకా రేకు నిలుస్తుందా, నేల తుప్పు పట్టిందా చూడకుండా ఇంజన్ మీద డబ్బు పెట్టడం, పునాది చూడకుండా మేడ కట్టడమే. విడిభాగాలకు మాత్రం బెంగ లేదు. రాణీగంజ్‌లో అడిగితే 800కు దొరకనిది తక్కువ.

చివరికి ఎంత తిరిగొచ్చింది?

పని మొదలుపెట్టే ముందు ఒక్కటి చేశాం, మీరూ చేయండి. ఖాళీగా ఉన్న ఉదయం, చదునైన రోడ్డు, ఇద్దరే మనుషులు. టాప్ గేరులో 40 నుంచి 70 చేరడానికి ఎన్ని సెకన్లో పక్కన కూర్చున్న నేను లెక్కపెట్టాను. 16. బ్రేకులు, టాపెట్లు, ప్లగ్గులు, కార్బురేటర్, థర్మోస్టాట్ అయ్యాక అదే రోడ్డు మీద, అదే సమయానికి, అదే ఇద్దరం. 11. మనసుకు అనిపించినది కాదు, గడియారం చెప్పినది.

మూడో సిలిండర్ ఇంకా 10 పీఎస్ఐ వెనకబడే ఉంది. నెలకు కొంచెం ఆయిల్ తాగుతుంది. "విప్పి వాల్వు కూడా రాయించమంటావా సేట్?" అని ఉస్తాద్ అడిగాడు. చిన్నాయన ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తెరిచి ఒక్కొక్క పద్దూ రాసుకున్నాడు: ప్లగ్గులు 3, గొట్టాలు, థర్మోస్టాట్, బ్రేక్ పని. కింద "ఇంజన్ పని" అని రాసి, ఎదురుగా అంకె వేయకుండా ఆగాడు. కాసేపు ఆలోచించి అక్కడ "తరుగు" అని రాసి పుస్తకం మూశాడు.